తీర్పు ప్రకారం ఫార్వర్డు

ఒక్క మధ్యాహ్నంలో సొంత ఊరి చేత తిట్లు, పక్క ఊరి చేత దండాలు, పోలీసుల చేత నవ్వు, అడవిలో తిరిగేవాళ్ల చేత పశ్చాత్తాపం సంపాదించడం ఒక మనిషికి సాధ్యమా? సాధ్యమే. నేను చేసి చూపించాను. అదీ ఒక బంతిని తన్ని. ఖచ్చితంగా చెప్పమంటే, తన్నలేక.

అప్పట్లో సిరిసిల్లలో పొద్దంతా మా మేనమామ సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, నూలు కండెలు చుట్టేవాణ్ని. పొద్దు వాలాక గ్రంథాలయానికి పోయి జ్ఞానం చుట్టుకునేవాణ్ని. పదో తరగతిలో లెక్కలు తప్పాను. ఇందులో నా తప్పేమీ లేదని, ప్రభుత్వానికే నన్ను గుర్తించే శక్తి లేదని నిర్ణయించుకుని, గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివి దానికి బుద్ధి చెప్పాలని పట్టుబట్టాను. చదివాను కూడా. తేనెటీగల పెంపకం నుంచి గ్రహణాల దాకా నాకు తెలియని సంగతి లేదు. ఊళ్లో నన్ను శంకర్ అని పిలిచేవాళ్లు తక్కువ, 'లైబ్రరీ' అని పిలిచేవాళ్లు ఎక్కువ. వాళ్లు వెక్కిరిస్తున్నారని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా సాంచెల కార్మికులకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. సిరిసిల్లలో ఫుట్‌బాల్ ఏమిటని మీరు ఆశ్చర్యపోవద్దు. మహారాష్ట్రలో భివండి సాంచెల మీద పనిచేసి వచ్చినవాళ్లు ఆట తెచ్చారు, దుబాయి నుంచి వచ్చిన ఒకాయన బంతి తెచ్చాడు. జిల్లా లీగులో రెండో డివిజన్‌లో ఆడేవాళ్లం. అందులోనూ అట్టడుగున. మా కింద ఇంకో డివిజన్ లేదు. అక్కడినుంచి జారితే ఇక కబడ్డీలో పడాల్సిందే.

ఆ జట్టులో ఇద్దరు ఫార్వర్డులు. ఒకడు నర్సయ్య, భివండిలో ఆట నేర్చినవాడు. సాంచెలో నూలు మోసే నాడె ఎట్లా ఆ అంచు నుంచి ఈ అంచుకు దూసుకుపోతుందో, మైదానంలో నర్సయ్య అట్లా తిరిగేవాడు. ఎడమకాలితో బంతిని పట్టుకున్నాడంటే కన్నతల్లి అడిగినా ఇచ్చేవాడు కాదు. రెండోవాడు రాజేశం. ఉరకడమంటే ఆయనకు గిట్టదు. గోల్ ముందు, ఆలస్యమైన బస్సు కోసం చూస్తున్నవాడిలా చేతులు కట్టుకుని నిలబడేవాడు. బంతి గాల్లో వచ్చిందా, ఆ పళ్లెమంత నుదుటితో ఒక్కటిచ్చి, మళ్లీ చేతులు కట్టుకునేవాడు. అది గోలయ్యేది.

ఇద్దరిలో ఎవరు గొప్ప? మీకిది చిన్న ప్రశ్నలా కనిపించవచ్చు. మా ఊళ్లో మాత్రం లచ్చన్న చాయ్ హోటల్లో నర్సయ్య పక్షానికి ఒక బల్ల, రాజేశం పక్షానికి ఇంకో బల్ల ఉండేవి. పొరపాటున తప్పు బల్ల దగ్గర కూర్చుంటే చాయ్‌లో చక్కెర పడేది కాదు. ఒకాయన తన అల్లుడు రాజేశం పక్షమని తెలిసి పండుగకు బట్టలు పెట్టలేదు. హోటల్ యజమాని లచ్చన్న నర్సయ్య పక్షం. నేను రాజేశం పక్షానికి నాయకుణ్ని, ప్రచారకుణ్ని, శాస్త్రవేత్తను.

ఇట్లా ఉండగా ఒక మ్యాచ్‌లో ఒకే బంతి కోసం ఇద్దరూ ఎదురెదురుగా వెళ్లి ఢీకొన్నారు. నర్సయ్య పన్ను కదిలింది. రాజేశం నుదుటికి ఏమీ కాలేదు, దానికి ఎప్పుడూ ఏమీ కాదు. బంతి మాత్రం అవతలి జట్టు తీసుకుపోయి గోల్ కొట్టింది. మా కెప్టెన్ భూమయ్య, గోల్‌కీపర్ కూడా ఆయనే, హోటల్‌కు వచ్చి చేతులెత్తేశాడు.

"ఇగ ముందట ఒక్కడే ఆడుతడు. అచ్చే ఆదివారం జగిత్యాలల కోరుట్లోళ్లతోని మ్యాచ్. గెలువకుంటె లీగుల నుంచి బయటికే. ఎవలిని ఆడిపియ్యాల్నో మీరే తేల్చుండ్రి. నేను ఒకలి పేరు చెప్తె రెండో పక్షపోళ్లు నన్ను ఊర్ల ఉండనియ్యరు."

తేల్చడానికి కూర్చున్నాం.

"ఏమోయ్ లైబ్రరీ," లచ్చన్న మొదలుపెట్టాడు. "నీ రాజేశం బంతి దగ్గరికి పోతడా, బంతే ఆయన ఇంటికి రావాల్నా?"

"తెలివున్నోని దగ్గరికి అన్ని అవే వస్తయి లచ్చన్నా. నీ నర్సయ్య ఉరికి ఉరికి ఏడికి పోతడు? మొన్న బంతితోని గ్రౌండు దాటి బస్టాండు దాక పోయిండు. ఇంకా జరసేపైతె కండక్టరు టికెట్ కొట్టెటోడు."

"ఉరికెటోనికి తెలుస్తది ఉరుకుడు. కండెలు చుట్టెటోనికి ఏం తెలుస్తది?"

"నాకు లెక్క తెలుసు. రాజేశం తల తాకిన బంతి పరావలయ మార్గంల పోతది. పుస్తకంల ఉన్నది."

"గా మార్గంల బస్సు నడుస్తదా?"

"నడవది."

"మరి నాకెందుకు?"

రెండు బల్లలూ గొల్లున నవ్వాయి. నా బల్ల కూడా! అది నేను తట్టుకోలేకపోయాను. లేచి నిలబడి, మెడనరాలు ఉబ్బేలా అరిచాను: "మీతోని నాకు మాటలేంది? గిది అన్నల దగ్గర్నే తేలాలె! ఆళ్లే తీర్పు చెప్పాలె!"

లచ్చన్న లేచి వెళ్లి హోటల్ తలుపు దగ్గరికి వేశాడు.

ఆ రోజులు తెలియనివాళ్లకు ఒక మాట. అన్నలంటే నక్సలైట్లు. మా పక్క పల్లెల్లో గట్టు తగాదా, కూలి తగాదా, తాగివచ్చి భార్యను కొట్టే మొగుడి తగాదా, ఏదైనా సరే వాళ్ల దగ్గరికి పోయేది. వాళ్లొక మాట చెబితే దానిమీద ఇంకో మాట ఉండేది కాదు. ఇంకోపక్క పోలీసు జీపులు తిరిగేవి. అందుకని వాళ్ల పేరెత్తాలంటే పెళ్లాం చెవిలో కూడా జనం గుసగుసగా చెప్పేవారు. నేను సెంటర్లో, పట్టపగలు, బల్లమీద చెయ్యి చరిచి చెప్పాను.

"కూసో తమ్మీ, కూసో," అన్నాడు లచ్చన్న మెల్లగా. ఆ పూట నా చాయ్‌లో చక్కెర రెండింతలు పడింది.

ఆ మాట ఎవరు మోశారో తెలియదు. వారం తిరగకముందే ఒకతను సైకిల్ మీద వచ్చి షెడ్డు ముందు ఆగాడు. "లైబ్రరీ నువ్వేనా? తగాద ఉన్నదన్నవట గద. రమ్మన్నరు. రెండో పక్షపోన్ని గూడ తోల్కరమ్మన్నరు."

రెండో పక్షంవాడు, అంటే లచ్చన్న, దారి పొడవునా నన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ నిఘంటువులో లేదు. నాకు తెలుసు, నిఘంటువు కూడా చదివాను.

ఊరికి దూరంగా ఒక మామిడితోట. మధ్యాహ్నపు ఎండ. ఒక సన్నటి మనిషి తలకు తువ్వాల చుట్టుకుని, జ్వరంతో కాబోలు, చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరిదో చేలో పడ్డ బర్రెను కట్టేశారని ఒక అవ్వ తగాదా తెచ్చింది. ఆమెకు బర్రెను ఇప్పించాడు, చేనుగలాయనకు గడ్డి ఇప్పించాడు. చాయ్ తాగినంత సేపట్లో ఇద్దరూ దండం పెట్టారు. నాకు ఆయన న్యాయబుద్ధి మీద గొప్ప గురి కుదిరింది.

"ఆ, మీదేంది?" అన్నాడాయన. "భూమా? కూలా?"

"ఫార్వర్డు అన్నా," అన్నాను.

"అంటే?"

"బంతాటల ముందట ఆడెటోడు."

ఆయన తువ్వాల సర్దుకుని మావైపు చూశాడు. బర్రె అవ్వ వెళ్లబోయేది కాస్తా ఆగి, దగ్గరికొచ్చి కూర్చుంది.

"సరే, చెప్పు."

చెప్పమంటే నేను ఊరుకుంటానా? బంతి గుండ్రంగా ఎందుకుంటుందో అక్కడి నుంచి మొదలుపెట్టాను. గురుత్వాకర్షణ చెప్పాను. బంతి పైకి లేచి వంగి దిగే పరావలయాన్ని పుల్లతో నేల మీద గీశాను. తేనెటీగలు పువ్వు కోసం ఊరికే తిరగకుండా ఎట్లా గురిచూసి వాలతాయో చెప్పి, రాజేశం సరిగ్గా అట్లాంటివాడని నిరూపించాను. లచ్చన్న తన వాదన ఒక్క ముక్కలో ముగించాడు: "అన్నా, నర్సయ్య ఉరుకుతడు. గంతే."

"గీ పోరనికి ఎండ దెబ్బ తాకినట్టున్నది బిడ్డా," అంది అవ్వ ఆయనతో. "జర నీళ్లు తాపియ్యుండ్రి."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక కళ్లు తెరిచి అడిగాడు. "ఇంత చెప్తున్నవు. నువ్వెప్పుడన్న ఆడినవా?"

"లేదన్నా. చదివిన."

"మంచిది. ఆదివారం మ్యాచ్‌ల నువ్వు ఆడు. ఫార్వర్డు నువ్వే. ఆ ఇద్దరు గట్టు మీద కూసోని చూడాలె. ఆట సంగతి నీకు తెలుస్తది, నీ సంగతి ఊరికి తెలుస్తది. పోండి."

తీర్పు అయిపోయింది. అప్పీలు లేదు.

ఆ మనిషి జ్వరంతో, విసుగుతో అన్నాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎవరు చెప్పగలరు? భూమయ్య విని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "నీ నోరు పడ! కాదంటె ఆళ్లకు కోపం, ఆడిపిస్తె లీగుకెళ్లి బయటికి. ఏం జేతుర?"

"నేను మూడురోజుల్లో నేర్చుకుంటా భూమన్నా. గ్రంథాలయంల ఆటల పుస్తకం ఉన్నది."

ఉండడం నిజమే. మొదటి సగం చెదలు తిన్నాయి. ఆట ఎట్లా ఆడాలో ఆ సగంలో ఉంది. మిగిలిన సగంలో కప్పులు అందుకునేటప్పుడు ఎట్లా వంగాలో బొమ్మలున్నాయి. అవి బాగా సాధన చేశాను.

దుబాయి నుంచి వచ్చినాయన తన బూట్లు ఇచ్చాడు. ఆయన ఆరడుగులు, నేను అయిదూ చిల్లర. ముందు భాగంలో దూది కుక్కాను. అయినా నేను ఆగిన తర్వాత కాసేపటికి గానీ బూట్లు ఆగేవి కావు.

ఆదివారం గుడ్డ బేళ్ల లారీలో జగిత్యాల చేరాం. కోరుట్ల నుంచి కూడా జనం దిగారు. నేను మైదానంలోకి అడుగుపెట్టగానే ఒక విచిత్రం చూశాను. కోరుట్ల ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "నమస్తే అన్నా" అని పక్కకు తప్పుకుంటున్నారు. అయిదూ చిల్లర మనిషిని, నన్ను! తీర్పు సంగతి బస్సుల్లో మాకంటే ముందే కోరుట్ల చేరిందట. చేరేటప్పటికి కొంచెం లావయింది కూడా: అన్నల మనిషి ఒకడు సిరిసిల్ల జట్టులో ఆడుతున్నాడట, వాణ్ని తాకినవాడు అయిపోయినట్టేనట.

ఆట మొదలైంది. బంతి నా దగ్గరికి వస్తే ఎదుటి జట్టు రెండుగా చీలి దారిచ్చేది. అంత మర్యాద నాకు పెళ్లిలో కూడా జరగలేదు. నేను మాత్రం ఆ దారిలో పోలేకపోయాను. బంతి ఒకవైపు, బూట్లు ఒకవైపు, నేను ఒకవైపు పోయేవాళ్లం. గట్టుమీద ఒక పక్క రాజేశం, ఇంకో పక్క నర్సయ్య. ఎన్నడూ పలకరించుకోనివాళ్లు ఒకరినొకరు చూసుకుని తల పట్టుకుంటున్నారు.

సగం ఆట అయ్యేసరికి ఇంత జనం ఎందుకు పోగయ్యారో చూద్దామని ఒక పోలీసు జీపు వచ్చి ఆగింది. సబ్ ఇన్‌స్పెక్టర్ దిగి కాసేపు చూసి, పక్కనే ఉన్న లచ్చన్నను పిలిచాడు. ఆ సబ్ ఇన్‌స్పెక్టర్ మా ప్రాంతంవాడు కాదు.

"ఎవడ్రా ఆ బక్కోడు? వాడి దగ్గరికి ఒక్కడూ పోడేంటి?"

"కండెలు చుడుతడు సార్. పాపం, పుస్తకాలు చదువుకుంటడు."

"ఏం పుస్తకాలు?"

లచ్చన్న నాకు మేలు చేద్దామనుకున్నాడు. "అన్ని సార్!"

"అన్నీనా! ఎర్ర పుస్తకాలు కూడానా!" అన్నాడట సబ్ ఇన్‌స్పెక్టర్, టోపీ సరిచేసుకుని. "అయితే ఆట అయ్యాక జీపెక్కించండి. మాట్లాడదాం."

లచ్చన్న విరామంలో వచ్చి చెవిలో చెప్పాడు. ఆ రోజుల్లో జీపు ఎక్కడం తేలిక, దిగడమే కష్టం. నేను మామూలు మనిషినని ఆయనకు ఎట్లా తెలియాలి? ఒక్కటే దారి. ఎవరో ఒకరు నన్ను పడగొట్టాలి.

రెండో సగం మొదలవగానే కోరుట్ల ఫుల్‌బ్యాక్ దగ్గరికి ఉరికాను. దున్నపోతులాంటి మనిషి.

"అన్నా, నీ కాల్మొక్త, నన్నొకసారి పడగొట్టు."

"నేనేం తప్పు జేసిన తమ్మీ? నాకిద్దరు పిల్లలు."

"పడగొట్టకున్న మానె, జర మెల్లగ నెట్టు."

"తీర్పైన మనిషిని నెడితె ఊకుంటరా? నువ్వు సల్లగుండు, నన్ను సల్లగుండనియ్యి," అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయాడు.

నేను వెంటపడ్డాను. ఆయన ఉరికాడు. బంతి ఎక్కడో మైదానం అవతల ఉంది. ఇక్కడ నేను ఒక దున్నపోతును తరుముతున్నాను. సబ్ ఇన్‌స్పెక్టర్ రెండు అడుగులు ముందుకొచ్చాడు. ఇక లాభం లేదని, కోరుట్ల గోల్ ముందర నాకు నేనే "అమ్మా!" అని పడిపోయాను.

వెంటనే ఈల. రెఫరీ ఒక డ్రిల్లు మాస్టారు, ఆయనా బస్సులోనే వచ్చాడు కదా, ఆయనకూ అంతా తెలుసు. "పెనాల్టీ!" అన్నాడు.

నా చుట్టుపక్కల పది గజాల్లో మనిషి లేడు. అయినా కోరుట్లవాళ్లు ఒక్కరు కూడా కాదనలేదు. "కరెక్టే సార్, కరెక్టే," అన్నాడు ఫుల్‌బ్యాక్. గోల్‌కీపర్ అయితే ఇంకో మెట్టు ఎక్కాడు. గోల్ వదిలేసి, స్తంభం పక్కన ఒదిగి నిలబడి, "కొట్టన్నా, నేను గీడుంట," అన్నాడు.

ఇప్పుడు నా అవస్థ ఊహించుకోండి. ఇరుపక్షాలకూ అప్పటిదాకా గోల్ లేదు. ఇది కొడితే సిరిసిల్ల లీగులో ఉంటుంది, నేను జీపులో ఉంటాను. కొట్టకపోతే నేను బయట ఉంటాను, సిరిసిల్ల కూడా బయట ఉంటుంది. తర్వాత చాలా ఏళ్లపాటు, ప్రాణాలు కాపాడుకోవడానికి కావాలనే తప్పించానని అందరికీ చెప్పుకున్నాను. మీతో అబద్ధమెందుకు? బంతి కనిపించగానే జీపూ గీపూ మర్చిపోయాను. పరావలయాన్ని తలుచుకుని, ఖాళీ గోల్ నడుమకు గురిచూసి, ఉన్న బలమంతా పెట్టి తన్నాను.

బూటు గోల్‌లోకి పోయింది. మంచి పరావలయ మార్గంలో పోయి వలకు తగిలి కిందపడింది. బంతి మాత్రం, ఎవరో పిలిచినట్టుగా, నింపాదిగా దొర్లుకుంటూ మూల జెండా వైపు వెళ్లింది.

రెఫరీ వలలో ఉన్న బూటును చూశాడు. నన్ను చూశాడు. గోల్ ఇవ్వడానికి ఈల నోట్లో పెట్టుకున్నాడు!

అప్పుడు ఒక నవ్వు వినిపించింది. సబ్ ఇన్‌స్పెక్టర్‌ది. జీపు బానెట్ పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "ఏవయ్యా రెఫరీ! బూటుకు గోలిస్తావా? ఒరేయ్, వీణ్ని అనుమానించానే! వీడి చేతికి తుపాకీ ఇస్తే తూటా ఉన్నచోటే ఉంటుంది, తుపాకీ ఎగిరిపోతుంది. వీణ్ని ఎవడు చేర్చుకుంటాడయ్యా!" జీపెక్కి, నవ్వుతూనే వెళ్లిపోయాడు.

నాకు విడుదల దొరికింది. దురదృష్టం ఏమిటంటే ఆయన మాటలు కోరుట్ల ఫుల్‌బ్యాక్ కూడా విన్నాడు. వాళ్ల భయం అక్కడితో వదిలింది. నేను అంతసేపు బతిమాలిన కోరికను అందరూ కలిసి, వంతులవారీగా, విసుగు లేకుండా తీర్చారు. ఇద్దరు పిల్లల తండ్రి రెండుసార్లు తీర్చాడు. నేను గడ్డి మీద వెల్లకిలా పడి మబ్బులు చూస్తున్నప్పుడు వాళ్లు మా గోల్‌లో బంతి వేశారు. బంతే, బూటు కాదు. ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో లారీ జగిత్యాల దాటేదాకా అందరూ నన్ను తిట్టారు. ఒక బేలు వెనక ముడుచుకుని కూర్చున్నాను. ముందు నర్సయ్య, రాజేశం పక్కపక్కన కూర్చుని ఒకే బీడీని మార్చి మార్చి తాగుతున్నారు.

"నువ్వయితె ఎడమకాలుతోని మూలకు కొడుతుంటివి," అన్నాడు రాజేశం.

"నువ్వయితె తలతోని కొడుతుంటివి. బంతి కింద ఉన్నా సరే, పండుకోని కొడుతుంటివి," అన్నాడు నర్సయ్య.

"మా అవ్వ కొడుతుండెనా?"

"మీ అవ్వ గూడ కొడుతుండె. చీపురుతోని కొట్టినా పడుతుండె."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి నావైపు చూశారు. లారీలో రెండు పక్షాలవాళ్లూ చూశారు. అంతకాలం ఏ ఒక్క విషయంలోనూ కలవని జనం, ఆ లారీలో ఒక్క విషయంలో ఏకమయ్యారు. ఆ విషయం నేనే.

కొన్నాళ్లకు ఆ సైకిలతనే మళ్లీ వచ్చి లచ్చన్న హోటల్ ముందర ఆగాడు. అందరూ లేచి నిలబడ్డారు.

"అన్నకు మ్యాచ్ సంగతంత తెలిసింది," అన్నాడు. "ఆ తీర్పు తప్పయిందట, వాపస్ తీసుకున్నడు. ఇకమీదట ఆ ఇద్దర్ని కలిపి ఆడిపియ్యాల్నట. గీ లైబ్రరీని మాత్రం బంతి దగ్గరికి రానియ్యద్దట."

"మరి అవ్వ బర్రె తీర్పు?" అని అడిగాడు లచ్చన్న.

"అది అట్లనే ఉన్నది. అది మంచి తీర్పేనట."

ఆ రోజుల్లో వాళ్లు చెప్పిన మాటను వెనక్కి తీసుకున్నారని నేనెక్కడా వినలేదు. ఆ గౌరవం నా ఒక్కడికే దక్కిందనుకుంటాను. లీగులోంచి పోయినా నర్సయ్య, రాజేశం ఊరూరా తిరిగి కలిసి ఆడారు. ఒకడు ఉరికి బంతి ఇచ్చేవాడు, ఇంకొకడు నిలబడి తలతో కొట్టేవాడు. హోటల్లో రెండు బల్లలూ కలిపేశారు. నాకు చాయ్ నిలబడి తాగడానికి అనుమతి వచ్చింది, చక్కెర లేకుండా.

కాబట్టి పాఠకుల సమక్షంలో, మా షెడ్డు సాంచెల సాక్షిగా, చెదలు తిన్న ఆ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఇద్దరు ఆటగాళ్లలో ఎవరు గొప్ప అని ఎవరడిగినా నోరు విప్పను. బలవంతం చేస్తే 'ఇద్దరూ' అని చెప్పి, ఎవరినీ ఎక్కడికీ తీర్పుకు పిలవకుండా, మర్యాదగా లేచి ఇంటికి పోతాను. బొందిలో ప్రాణం ఉన్నంతకాలం ఈ మాట తప్పను.

అయినా, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: రాజేశమే.

అడగలేదా? సరే, ఒక పుల్ల ఇవ్వండి, నేల మీద గీసి చూపిస్తాను.